ముందు రాత్రి ఎక్కడో తేల్చుకోండి, దారి సంగతి తర్వాత

మీరు అడిగింది ఇది: నలుగురు స్నేహితులు, ఒక్కరోజు కొండ నడకలు అందరికీ అలవాటే, టెంట్‌లో పడుకున్న అనుభవం మాత్రం ఎవరికీ లేదు. ఈసారి పెద్ద కొండలున్న పార్కులో మూడు రాత్రులు టెంట్ వేసుకుని తిరగాలని ఉంది. ఎలాంటి పార్కు ఎంచుకోవాలి, రోజుకు ఎంత నడవచ్చు, ఏం కొనాలి, దేనికి జాగ్రత్త పడాలి? కొండల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను, మొదటిసారి వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం నాకు ఇష్టమైన పని. అందుకే కాస్త వివరంగానే రాస్తాను.

దాదాపు అందరూ ప్లాన్ వేసే వరుస ఒకటే. ముందు ఏ సరస్సు ఫొటోనో శిఖరం ఫొటోనో చూసి మనసు పారేసుకుంటారు. తర్వాత అక్కడికి వెళ్లే దారి చూసి, రోజుకు ఇన్ని కిలోమీటర్లని పంచుకుంటారు. రాత్రి మాత్రం చీకటి పడే వేళకు ఎక్కడుంటే అక్కడ. ఈ వరుసను పూర్తిగా తిరగేయమని నా సలహా. మ్యాప్ ముందేసుకుని, మూడు రాత్రులూ ఎక్కడ పడుకుంటారో మొదట మూడు చుక్కలు పెట్టండి. చలి ఎంత ఉంటుంది, నీళ్లు ఎంత దూరం, గాలి ఎంత కొడుతుంది, ఆ ఎత్తు ఒంటికి పడుతుందా, పర్మిట్ దొరుకుతుందా, ఒకరికి బాగాలేకపోతే ఎటు దిగాలి, ఇవన్నీ ఆ చుక్కలను బట్టే తేలతాయి. పగలు ఏదైనా పొరపాటు జరిగితే సరిచేసుకోవడానికి వెలుతురు ఉంటుంది. రాత్రికి ఆ వెసులుబాటు లేదు.

మొదట చూడాల్సింది అక్కడ అసలు రాత్రి ఉండనిస్తారా అన్నది. జాతీయ పార్కు అనగానే టెంట్ వేసుకోవచ్చని చాలామంది అనుకుంటారు. 1914లో ఏర్పడిన స్విస్ నేషనల్ పార్కులో టెంట్ వేయడం నిషేధం, గుర్తులు పెట్టిన దారి వదిలి పక్కకు అడుగు వేయడం కూడా కుదరదు. ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ పగటిపూట పార్కే. పొద్దున లోపలికి వెళ్లి, సాయంత్రంలోగా బయటికి వచ్చి, దాదాపు 3,050 మీటర్ల ఎత్తున ఉన్న ఘాంఘరియాలో రాత్రి గడపాలి. చిలీలోని టోరెస్ డెల్ పైనేలో టెంట్లకు అనుమతి ఉంది, కానీ నిర్ణయించిన క్యాంప్‌సైట్లలోనే, అదీ ముందుగా బుక్ చేసుకుంటేనే. అమెరికాలోని యోసెమిటీలో అడవి లోపల రాత్రి ఉండాలంటే ఏడాది పొడవునా పర్మిట్ కావాలి, ఒక్కో దారి మొదలు నుంచి రోజుకు ఇంతమందినే పంపుతారు. టాంజానియాలోని కిలిమంజారో మీదికి గైడ్ లేకుండా వెళ్లనివ్వరు. ఇలా ఒక్కో చోట ఒక్కో పద్ధతి, పైగా నిబంధనలు మారుతుంటాయి. పాత యాత్రానుభవాలు చదివి వెళ్లకుండా, పార్కు అధికారిక వెబ్‌సైట్‌లో రాత్రి బస గురించి రాసినదాన్నే మొదట చదవండి.

ఈ కట్టుబాట్లను అడ్డంకులుగా చూడొద్దని గట్టిగా చెబుతాను. చెట్లు ఆగిపోయే ఎత్తుకు పైన మొక్క పెరగడానికి ఏడాదిలో దొరికేది కొద్ది వారాలు మాత్రమే. అక్కడి పచ్చిక మీద పది మంది పది రాత్రులు టెంట్లు వేస్తే ఆ నేల మళ్లీ కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది. మనం చూడ్డానికి వెళ్లేదే ఆ పచ్చికను.

మొదటిసారికి నేనైతే ఎలాంటి పార్కు చూస్తానంటే: నిర్ణయించిన క్యాంప్‌సైట్లు ఉండాలి, దారికి గుర్తులుండాలి, రేంజర్లు తిరుగుతుండాలి, ఏ రాత్రి బస నుంచైనా మూడు నాలుగు గంటల్లో రోడ్డుకు దిగే మార్గం ఉండాలి, పడుకునే చోటు 3,000 మీటర్ల లోపు ఉండాలి. అందం విషయంలో దీనివల్ల పోయేదేమీ లేదు. ఎంతో అందమైన కొండ సరస్సులు చాలానే ఈ ఎత్తు లోపు ఉన్నాయి. టోరెస్ డెల్ పైనే క్యాంప్‌సైట్లయితే సముద్ర మట్టానికి కొన్ని వందల మీటర్ల ఎత్తులోనే ఉంటాయి, ఆ పార్కులోని నిటారు రాతి స్తంభాల అందానికి అదేమీ అడ్డు రాలేదు.

ఇంకో మాట. మూడు రాత్రులు మూడు చోట్ల కాకుండా, మొదటి రాత్రి దారి మొదట్లో రోడ్డు చేరే క్యాంప్‌సైట్‌లో, తర్వాతి రెండు రాత్రులు లోపల ఒకేచోట పెట్టుకోండి. రోజూ టెంట్ విప్పి, సర్ది, మోసుకెళ్లి, మళ్లీ వేయడానికి కొత్తవాళ్లకు రెండు మూడు గంటలు పడుతుంది. ఒకేచోట రెండు రాత్రులుంటే మధ్య రోజంతా చిన్న సంచితో తేలికగా పైకి వెళ్లి రావచ్చు. వాతావరణం చెడితే ఆ రోజును వదులుకున్నా ప్లాన్ కూలిపోదు. కొండ మీకు నిజంగా నచ్చేది ఈ మధ్య రోజునే, భుజాల మీద బరువు లేనప్పుడు.

ఇక ఎత్తు. మిగతా అన్నిటికంటే దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దృఢంగా ఉన్నవాళ్లే దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. పైకి వెళ్లే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. 3,500 మీటర్ల దగ్గర సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు మూడింట రెండొంతులు, 5,500 మీటర్ల దగ్గర సగం. ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా ఆ లెక్కనే తగ్గుతుంది. ఒళ్లు దీనికి అలవాటు పడగలదు, కాకపోతే సమయం ఇవ్వాలి. 2,500 మీటర్లు దాటి పడుకున్నప్పటి నుంచి ఎవరికైనా ఇబ్బంది మొదలవవచ్చు. వయసు, వ్యాయామం, పరుగు పందేల్లో తెచ్చుకున్న పతకాలు దీని నుంచి కాపాడవు. కుర్రవాళ్లు వేగంగా ఎక్కేస్తారు కాబట్టి వాళ్లకే ముందు వస్తుంటుంది.

పర్వత వైద్యులు చెప్పే లెక్క సులభం. 3,000 మీటర్లు దాటాక, ఒక రాత్రి పడుకున్న ఎత్తు కంటే మరుసటి రాత్రి పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి రెండు రాత్రులు ఒకే ఎత్తులో గడపాలి. గమనించండి, ఇక్కడ లెక్క మొత్తం పడుకునే ఎత్తుదే. పగలు ఇంకా పైకి వెళ్లి రావచ్చు, అది మేలు కూడా. కిలిమంజారో మీద మచామే, లెమోషో దారుల్లో ఇదే చేస్తారు. మధ్యాహ్నానికి సుమారు 4,600 మీటర్ల దగ్గరున్న లావా టవర్ దాకా ఎక్కించి, రాత్రికి 4,000 మీటర్ల లోపున్న బరాంకో క్యాంపుకు దించుతారు. నేపాల్‌లో ఎవరెస్ట్ ఉన్న సాగర్‌మాథా పార్కులో 3,440 మీటర్ల నామ్చే బజార్ దగ్గర అందరూ ఒక రోజు ఎక్కువ ఆగుతారు, అయితే గదిలో కూర్చోకుండా పై గట్ల మీదికి నడిచి మళ్లీ దిగివస్తారు.

ఈ రోజుల్లో ప్రమాదం ఎక్కువగా వాహనాల వల్ల వస్తోంది. రోడ్డు 3,500 మీటర్ల దాకా ఉంటే, పొద్దున మైదానంలో బయల్దేరినవాళ్లు సాయంత్రానికి అక్కడ టెంట్ వేస్తారు. కాళ్లతో నడిచివుంటే మూడు రోజులు పట్టేది. మీ ప్రయాణంలో అలాంటి రోడ్డు ఉంటే, మధ్యలో తక్కువ ఎత్తున ఒకటి రెండు రాత్రులు తప్పకుండా ఆగండి.

లక్షణాలు మొదట మామూలుగానే ఉంటాయి: తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, కళ్లు తిరగడం, నిద్ర పట్టకపోవడం. ఎత్తులో తలనొప్పి వచ్చి, దానికి వీటిలో ఇంకొకటి తోడైతే వేరే కారణం తేలేదాకా దాన్ని ఎత్తు జబ్బుగానే చూడాలి. అక్కడే ఆగండి. తగ్గితే మర్నాడు ముందుకు, పెరిగితే కిందికి. నడకలో తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా మెదడు వాస్తున్నదని అర్థం. నేల మీద ఒక సరళరేఖ ఊహించుకుని, మడమకు బొటనవేలు ఆనిస్తూ దాని మీద నడవమనండి. నడవలేకపోతే తెల్లారేదాకా ఆగవద్దు. కదలకుండా కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు ఆగకపోతే, అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఈ రెండింటికీ అసలు మందు కిందికి దిగడమే, వెంటనే, కనీసం 300 నుంచి 1,000 మీటర్ల దాకా, లక్షణాలు తగ్గే వరకు. జబ్బు పడినవాళ్లను ఒంటరిగా దింపకూడదు, టెంట్‌లో ఒంటరిగా వదిలి మిగతావాళ్లు పైకి వెళ్లకూడదు. ముందుజాగ్రత్తగా అసిటజోలమైడ్ అనే మందు వాడేవాళ్లున్నారు, అది పనిచేస్తుంది కూడా, కానీ సల్ఫా మందులు పడనివాళ్లకు, కొన్ని ఇతర జబ్బులున్నవాళ్లకు సరిపడకపోవచ్చు. డాక్టర్‌తో మాట్లాడకుండా స్నేహితుడి చేతిలోంచి తీసుకుని మింగవద్దు.

ఇప్పుడు టెంట్ వేసే చోటు. క్యాంప్‌సైట్ నిర్ణయించి ఉన్నా, అందులో మీ టెంట్ ఏ మూల వేస్తారన్నది మీ చేతిలోనే ఉంటుంది. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చలి పెరుగుతుందని పుస్తకాల్లో ఉంటుంది, అది పగటికి బాగానే సరిపోతుంది. రాత్రి లెక్క వేరు. ఆకాశం నిర్మలంగా, గాలి నిలకడగా ఉన్న రాత్రి చల్లబడిన బరువైన గాలి వాలు వెంట కిందికి జారి లోయ అడుగున నీళ్లలా నిలుస్తుంది. అందుకే ఏటి ఒడ్డున పచ్చిక మీద వేసిన టెంట్ తెల్లారేసరికి మంచు పట్టి తడిసి ఉంటుంది, యాభై అడుగులు పైనున్న గట్టు మీద వేసినది పొడిగా ఉంటుంది. మరీ పైకి, శిఖరపు వరుస మీదికి వెళితే గాలి, పిడుగులు. మధ్యలో ఉండే చదును గట్టు, చుట్టూ పొట్టి చెట్లు, తూర్పు వైపు తెరపి ఉండి పొద్దున్నే ఎండ తగిలే చోటు, నేను వెతికేది అదే.

వేసే ముందు తలెత్తి చూడండి, ఎండిపోయిన చెట్టుగాని వేలాడే కొమ్మగాని పైన ఉండకూడదు. వెనక వాలులో కొత్తగా దొర్లిన రాళ్లు కనిపిస్తే అక్కడి నుంచి జరగండి. ఇసుక పరిచినట్టు మెత్తగా, చదునుగా కనిపించే ఎండిన వాగు పడుకోవడానికి పిలుస్తున్నట్టే ఉంటుంది. పైన ఎక్కడో కురిసిన వాన రాత్రికి అందులోకే వస్తుంది. నీటి ఒడ్డు నుంచి కనీసం 60 మీటర్లు దూరం పాటించండి. అది నీరు పాడవకుండా, తాగడానికి వచ్చే జంతువులు బెదరకుండా పెట్టిన దూరం. వీటన్నిటికీ వెలుతురు కావాలి కాబట్టి, సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు బస చేరేలా రోజును మలచుకోండి.

కొనాల్సిన వస్తువుల జాబితా మీరు వివరంగా అడిగారు, కానీ జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. నేను డబ్బు ఎక్కడ పెట్టాలో మాత్రం చెబుతాను. కొత్తవాళ్లు ఖరీదైన టెంట్ కొని, కింద పరిచే మ్యాట్ ఏదో ఒకటిలే అనుకుంటారు. స్లీపింగ్ బ్యాగ్ మన బరువుకు అడుగున నలిగిపోతుంది, దానిలో నిలిచిన గాలి పోతుంది, ఇక నేల ఒంటి వేడిని రాత్రంతా లాగేస్తూనే ఉంటుంది. దాన్ని ఆపేది మ్యాట్ ఒక్కటే. నేల చలిని అది ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-వాల్యూ అని ఒక అంకె దాని మీద ఉంటుంది. ఎండాకాలపు తక్కువ ఎత్తులకు 2 సరిపోతుంది, రాత్రి సున్నా దగ్గరికి వెళ్లే చోట్లకు 4 ప్రాంతం, మంచు మీదైతే 5 పైన. రెండు మ్యాట్లు ఒకదానిమీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి, కాబట్టి గాలి నింపే మ్యాట్ కింద పలుచటి ఫోమ్ మ్యాట్ వేసుకోవడం చవకైన ఉపాయం. గాలి మ్యాట్‌కు చిల్లు పడినా ఫోమ్ ఉంటుంది.

స్లీపింగ్ బ్యాగ్ మీద సాధారణంగా కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు ఉష్ణోగ్రతలుంటాయి. కంఫర్ట్ అంకెనే చూడండి. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలవడానికి వేసిన లెక్క, నిద్రకు సంబంధించినది కాదు. అమ్మేవాళ్లు పెద్ద అక్షరాల్లో వేసేది ఒక్కోసారి ఆ అంకెనే. మీరు వెళ్లే నెలలో అక్కడి సగటు రాత్రి ఉష్ణోగ్రత కంటే అయిదు డిగ్రీలు తక్కువకు సరిపోయేది తీసుకోండి. టెంట్ విషయంలో నా పట్టింపు ఒక్కటే, పై కవరు నేల దాకా దిగాలి, గాలి ఆడే కిటికీలుండాలి. చలికి భయపడి అన్నీ మూసేస్తే మీ ఊపిరిలోని తేమే పొద్దుటికి చుక్కలై మీద పడుతుంది.

బట్టల్లో నూలును ఇంట్లో వదిలేయండి. తడిసిన నూలు బట్ట ఆరదు, ఒంటి వేడిని తీసుకెళ్లిపోతుంది. ఒంటికి అంటుకుని ఉండే పొర ఊలుదో సింథటిక్‌దో, దాని మీద వెచ్చటి పొర, పైన వానా గాలీ ఆపే జాకెట్. నిద్రకు ఒక పొడి జత విడిగా, నీళ్లు చొరని సంచిలో, ఎంత తడిసినా పగలు దాన్ని ముట్టుకోకూడదు. ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి మంచు కురవనక్కర్లేదు. పది డిగ్రీల వానలో, గాలిలో, ఆకలితో నడుస్తున్నా చాలు. మాట ముద్దగా వస్తున్నా, వేళ్లు జిప్పు లాగలేకపోతున్నా, కాళ్లు తడబడుతున్నా అక్కడే ఆగి టెంట్ వేయండి, తడి బట్టలు మార్చి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టి తీపిగా, వేడిగా తాగించండి. గట్టిగా వణుకుతున్న మనిషి ఉన్నట్టుండి వణకడం ఆపేస్తే అది కోలుకోవడం కాదు, పరిస్థితి ముదిరిందని.

స్టవ్ గురించి ఒక ఉపయోగపడే సంగతి. గ్యాస్ డబ్బాలో మామూలు బ్యూటేన్ మాత్రమే ఉంటే అది సున్నా డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, డబ్బా నిండుగా ఉన్నా మంట రాదు. ఐసోబ్యూటేన్ సుమారు −12 డిగ్రీల దాకా, ప్రొపేన్ −42 దాకా పనిచేస్తాయి. కాబట్టి ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా తీసుకోండి, చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లో కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఫోన్, హెడ్‌ల్యాంప్ బ్యాటరీలు కూడా అక్కడే. మూసిన టెంట్‌లో స్టవ్ ఎప్పుడూ వెలిగించకండి. నిప్పు అంటుకోవడం ఒక భయమైతే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంకా పెద్ద భయం.

రోజుకు ఎంత దూరం అన్న ప్రశ్నకు కిలోమీటర్లలో జవాబు చెప్పడం సరికాదు, గంటల్లో చెప్పాలి. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. 12 కిలోమీటర్ల దారిలో 900 మీటర్ల ఎక్కుడు ఉంటే దాదాపు నాలుగు గంటలు. ఇది దృఢంగా ఉండి, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. వీపున రాత్రి బస సామానుతో, మొదటిసారి వెళ్లే నలుగురికి దానిమీద సగం కలపండి, ఆరు గంటలు. 3,000 మీటర్లు దాటితే ఇంకా కలపాలి. సంచి బరువు మీ ఒంటి బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోండి. ఒక టెంట్‌ను ఇద్దరు పంచుకుని మోయడం, నలుగురికీ ఒక స్టవ్ చాలనుకోవడం లాంటివే ఆ లెక్కను నిలబెడతాయి.

పొద్దున తొందరగా బయల్దేరడం ఇక్కడ అలవాటుగా చెప్పే మాట కాదు, దానికి రెండు బలమైన కారణాలున్నాయి. వేసవిలో చాలా పర్వత ప్రాంతాల్లో ఎండకు వాలులు వేడెక్కి మధ్యాహ్నానికి ఉరుముల మేఘాలు కడతాయి. అమెరికాలోని రాకీ పర్వతాల్లో శిఖరాల మీద నుంచి, తెరపి గట్ల మీద నుంచి మధ్యాహ్నంలోగా దిగిపోవాలని అందుకే చెబుతారు. మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపైతే ఇప్పటికే ఆలస్యం చేశారు. గట్టు మీద నుంచి దిగండి, ఒంటరి చెట్టుకు, నీటికి దూరంగా ఉండండి, ఒకరికొకరు ఎడంగా ఉండండి. టెంట్ పిడుగును ఆపదు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ పైకి వెళ్లొద్దు.

రెండో కారణం వాగులు. మంచు కరిగి పారే వాగు తెల్లవారుజామున మోకాలి లోతుంటే సాయంత్రానికి నడుము దాకా రావచ్చు. ఎండ పైన మంచును కరిగించాక, ఆ నీరు కిందికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. వంతెన లేని వాగు దారిలో ఉంటే దాన్ని పొద్దునే దాటేలా ఆ రాత్రి చుక్కను జరపండి. దాటేటప్పుడు సంచి నడుము పట్టీ విప్పుకోండి, పడితే సంచిని వదిలించుకోగలగాలి. చెప్పులో బూట్లో ఉండాలి, వట్టి కాళ్లతో దిగకండి. నీటి హోరులో రాళ్లు దొర్లే చప్పుడు వినిపిస్తే ఆ వాగు ఆ పూటకు దాటేది కాదు.

నీళ్లు ఎంత తేటగా కనిపించినా శుద్ధి చేయకుండా తాగొద్దు. పైన పశువులు, అడవి జంతువులు తిరిగే చోట జియార్డియా అనే కంటికి కనిపించని పరాన్నజీవి ఉంటుంది, అది తెచ్చే విరేచనాలు ప్రయాణం ముగిసిన వారాల తర్వాత కూడా వదలవు. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం కాచడం చాలు, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు, ఎందుకంటే పైన నీరు తక్కువ వేడికే తెర్లుతుంది. ఫిల్టర్ వాడితే సులభం, కానీ సన్నటి గొట్టాల ఫిల్టర్ ఒకసారి తడిసి గడ్డకడితే లోపల చిట్లిపోతుంది, బయటికి ఏమీ తెలియదు. దాన్ని కూడా రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లోకే చేర్చండి.

మరుగుదొడ్డి లేని చోట నీటికి, దారికి, టెంట్లకు 60 మీటర్లు దూరంగా వెళ్లి 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి పూడ్చాలి. కాగితం మూట కట్టి వెనక్కి తెచ్చేయండి. దీని గురించి ఎవరూ ముందుగా మాట్లాడుకోరు, అందుకే చాలా అందమైన క్యాంప్‌సైట్ల వెనక నడవలేని స్థితి ఉంటుంది.

తిండి వాసన జంతువులను పిలుస్తుంది. టెంట్‌లోకి తినేది ఏదీ వద్దు, టూత్‌పేస్ట్, సబ్బు కూడా ఆ లెక్కలోవే. యోసెమిటీ అడవుల్లో ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో ఆహారం పెట్టడం తప్పనిసరి. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే పార్కుల్లో వంట, నిల్వ రెండూ పడుకునే చోటికి సుమారు 90 మీటర్ల దూరంలో చేయమంటారు. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ క్యాంపుల్లోకి వస్తుంది, చివరికి చాలాసార్లు దాన్ని చంపాల్సి వస్తుంది. నిర్లక్ష్యం మనది, ప్రాణం దానిది. నిప్పు విషయం కూడా ఇంతే. టోరెస్ డెల్ పైనేలో 2005లో అనుమతి లేని చోట ఒక యాత్రికుడు వాడిన స్టవ్ వల్ల మొదలైన మంట వేల హెక్టార్లను కాల్చేసింది. 2011 చివర్లో ఇంకో పెద్ద మంట. ఆ పార్కులో ఇప్పుడు చలిమంటలు పూర్తిగా నిషేధం, స్టవ్ కూడా చెప్పిన చోటే వెలిగించాలి. పార్కు చలిమంటకు అనుమతిచ్చినా, ఎత్తులో అది లేకుండా గడపడమే నాకు ఇష్టం. అక్కడ ఎండుకొమ్మ ఒక్కటి కూడా మట్టిలో కలవాల్సిందే.

శారీరకంగా సిద్ధం కావడానికి రెండు నెలలు పెట్టుకోండి. మైదానంలో నడక సరిపోదు, మెట్లు ఎక్కి దిగండి, మొదట ఖాళీగా, తర్వాత సంచిలో కొద్దికొద్దిగా బరువు పెంచుతూ. దిగడాన్ని ఎవరూ సాధన చేయరు, మోకాళ్లు నొచ్చేది, చీలమండలు మెలిపడేది అప్పుడే. ట్రెక్కింగ్ పోల్స్ ఆ బరువులో కొంత తీసుకుంటాయి. కొత్త బూట్లు కనీసం కొన్ని వారాలు ఇక్కడే తొడిగి నడవండి. వెళ్లే ముందు ఒక రాత్రి, ఇంటికి దగ్గరలో అనుమతి ఉన్న ఏ తెరపి చోటైనా సరే, అదే టెంట్, అదే మ్యాట్, అదే స్టవ్‌తో పడుకుని చూడండి. వాన పడే రాత్రయితే మరీ మంచిది.

నడిచేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి, వేగం వాళ్లదే. వెనక్కి తిరగాల్సిన వేళ పొద్దునే నిర్ణయించుకోండి, ఉదాహరణకు ఒంటిగంట. శిఖరం పది నిమిషాల్లో ఉన్నా ఒంటిగంటకు తిరగాలి. నలుగురిలో ఒక్కరు చాలంటే అందరూ తిరగాలన్న ఒప్పందం కూడా ఇంట్లో ఉండగానే చేసుకోండి. పైన, అలసటలో, ఆ మాట అనడానికి మనిషి మొహమాటపడతాడు.

మీ మూడు రాత్రుల చోట్లు, దారి, తిరిగివచ్చే రోజు, ఏ గంట దాటితే సాయం పిలవాలో రాసి కింద ఒకరికి ఇవ్వండి, పార్కు రేంజర్ ఆఫీసు నంబరుతో సహా. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడొద్దు, మ్యాప్ కాగితం మీద కూడా ఉండాలి. ఒక్కొక్కరి మెడలో ఒక విజిల్ వేసుకోండి. ఆపదలో ఉంటే ఒక నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగాలి, మళ్లీ అలాగే. రాత్రయితే హెడ్‌ల్యాంప్‌తో అదే లెక్క. విన్నవాళ్లు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. బదులు వచ్చినా మిమ్మల్ని చేరేదాకా ఆపకండి. క్షేమంగా దిగిరాగానే మొదటి ఫోన్ ఆ కాగితం ఇచ్చిన మనిషికే చేయండి, లేకపోతే మీరు హాయిగా నిద్రపోతున్న రాత్రి మీ కోసం వేరే మనుషులు కొండెక్కుతారు.